బయోమాస్ బాయిలర్ ప్రాజెక్ట్ నెత్తికెత్తుకున్న మా మేనకోడలికి

అమ్మలూ,

రిఫైనరీలో చెక్క, గడ్డి, ఊక లాంటివి కాల్చి స్టీమ్ చేసే బయోమాస్ బాయిలర్ పెట్టే పని నీకిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ముందు గర్వమేసింది, ఆ వెంటనే కడుపులో తిప్పింది. మీ అమ్మకి ప్రమోషన్ అన్న ముక్క ఒక్కటే వినపడింది, నాకేమో చెక్క నింపే సైలో, దాన్ని మోసే కన్వేయర్, మిగులు గ్యాస్ తగలేసే ఫ్లేర్ వరసగా కళ్ళముందుకొచ్చాయి. రిటైరైనవాడు నోరు మూసుక్కూర్చోవాలి నిజమే, నా వల్ల కాదు, ఓపికుంటే చదువు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. డబ్బులు తేమ చూసి ఇవ్వు, బరువు చూసి కాదు, పచ్చి చెక్కలో దాదాపు సగం నీళ్ళే. గడ్డి వస్తే పొటాషియం, క్లోరిన్ టెస్ట్ చెయ్యకుండా గేటు దాటనివ్వకు, స్టీమ్‌ని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ ట్యూబుల్ని తినేస్తాయి. ఊక అయితే బూడిద ఎక్కడ పోస్తావో ముందే తేల్చుకో. చెక్కని గాలి తగలకుండా వేడిచేసి తీసే పైరాలసిస్ ఆయిల్ తెచ్చి ఫ్యూయల్ ఆయిల్ ట్యాంకులో కలిపేద్దాం అని మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు, అది మన ఆయిల్‌తో కలవదు, పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది, మామూలు స్టీల్‌ని కొరికేస్తుంది అని చెప్పి కూర్చోబెట్టు.

ఇక అసలు విషయం. నేను చేసిన ఒక చోట, పేరెందుకులే, ఇలాంటి బాయిలరే పెట్టారు. కాగితం మీద లెక్క ముద్దొచ్చేది. చెక్కతో ఇంత స్టీమ్ వస్తుంది, పాత బాయిలర్లు అంత తగ్గిస్తాం, అంత ఫ్యూయల్ ఆయిల్ మిగులుతుంది, అంత కార్బన్ తగ్గుతుంది, అయిపోయింది. ఆ పాత బాయిలర్లలో ఆయిల్‌తో పాటు మన ఫ్యూయల్ గ్యాస్ కూడా కాలుతోందన్న సంగతి స్టడీ చేసినవాళ్ళు ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో రాసి వదిలేశారు. నీకు చెప్పక్కర్లేదు, క్రూడ్ యూనిట్, బరువైన ఆయిల్‌ని విరగ్గొట్టే క్రాకర్ నడుస్తున్నంతసేపు గ్యాస్ పుడుతూనే ఉంటుంది, వద్దంటే ఆగదు. హీటర్లు తమకి కావలసినంతే తీసుకుంటాయి, మిగతా హెచ్చుతగ్గులన్నీ మింగేది బాయిలర్లే. కొత్తదాని లోడ్ పెరిగేకొద్దీ పాతవి దిగుతూ వచ్చాయి, ఆయిల్ బర్నర్లు ముందే ఆగిపోయాయి, ఇంకా తగ్గించాలంటే తగ్గేది గ్యాసే కదా. గ్యాస్ మెయిన్ పైపులో ప్రెషర్ మెల్లగా ఎక్కింది. ట్రెండ్ చూస్తున్న కుర్రాడు "సార్, ఫ్లేర్ వాల్వ్ తెరుచుకుంటోంది" అన్నాడు, కాసేపట్లో సర్దుకుంటుందిలే అన్నారు సీనియర్లు. ఆ వాల్వ్ ఇక పూర్తిగా మూసుకుంటే ఒట్టు. ఒక పక్క చెక్క కాల్చి స్టీమ్ చేస్తున్నాం, ఇంకో పక్క ఆ చెక్క మిగిల్చిన గ్యాస్‌ని ఆకాశంలో తగలేస్తున్నాం. బాయిలర్ సెక్షన్ రిపోర్ట్‌లో మాత్రం పొదుపే పొదుపు, ఎందుకంటే ఫ్లేర్ మీటర్ వేరే సెక్షన్‌ది, ఆ రెండు కాగితాలు ఒకే టేబుల్ మీదకి రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చినప్పుడు కూడా పెద్దాయన మీటరే తప్పన్నాడు. ఇన్‌స్ట్రుమెంట్ వాళ్ళు పాపం ఎండలో ఎక్కి క్యాలిబ్రేట్ చేసి దిగారు, రీడింగ్ అదే.

అందుకని నువ్వు తగ్గించే వరస ముందే రాసిపెట్టుకో. బయట కొనే న్యాచురల్ గ్యాస్ మొదట, తర్వాత ఫ్యూయల్ ఆయిల్, మన సొంత గ్యాస్ చిట్టచివర. ఏడాది సగటు ఎవరిచ్చినా తీసుకోకు, గంట గంటకీ బ్యాలెన్స్ కావాలి, ఒక పెద్ద హీటర్ షట్‌డౌన్‌లో ఉన్న రోజులతో సహా. గ్యాస్ మిగిలితే ఎటు పోవాలి? ఆయిల్ కాలుస్తున్న హీటర్లకా, హైడ్రోజన్ యూనిట్‌కి న్యాచురల్ గ్యాస్ బదులా, లేక అందులోంచి ఎల్పీజీ లాగేస్తావా, ఏదైనా సరే పైపుతో సహా ముందే సిద్ధంగా ఉండాలి, కమిషనింగ్ అయ్యాక చూద్దాం అంటే మాత్రం నేనొచ్చి తిడతాను. ఇంకోటి, యూనిట్ ట్రిప్ అయి ఉన్నట్టుండి ఆగిపోతే స్టీమ్ నిమిషాల్లో కావాలి, బాయిలర్ లోపలి ఇనుప జాలీ, అదే గ్రేట్ మీద చెక్క అంత చురుగ్గా కదలదు. గ్యాస్ బాయిలర్ ఒకటి వేడిగా ఉంచక తప్పదు, అది తాగే గ్యాస్ కూడా నీ లెక్కలో రాయి.

లెక్క అంటే గుర్తొచ్చింది, కార్బన్ జీరో అని ఊరికే రాసేయకు. వాతావరణ మార్పు మీద ఐరాస నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్కల్లోనే ఒక గిగాజౌల్‌కి చెక్క 112 కిలోల సీఓటూ వదుల్తుంది, న్యాచురల్ గ్యాస్ 56 చిల్లర. చిమ్నీ దగ్గర రెట్టింపన్నమాట. దాన్ని మన ఖాతాలో వెయ్యకపోవడానికి కారణం చెట్టు కొట్టినచోట, భూమి ఖాతాలో వేస్తారని. అక్కడ మళ్ళీ పెరగకపోతే నీ జీరో కాగితం మీదే. ఎలాగూ కుళ్ళిపోయేదో, పొలంలోనే తగలబెట్టేదో తెచ్చుకుంటే నాకు అభ్యంతరం లేదు, దుంగలు తెచ్చి పొడి చేస్తానంటే మాత్రం ఉంది. ఆరబెట్టడానికీ, లారీలకీ అయ్యేది కూడా కలుపు.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని సంగతి. పెల్లెట్లు, అదే చెక్కపొట్టు నొక్కి చేసిన గుళికలు, ఊరికే పడుండవు తల్లీ, మూసిన చోట ఆక్సిజన్ తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదుల్తాయి, దానికి వాసన ఉండదు. 2006లో స్వీడన్ హెల్సింగ్‌బోర్గ్ పోర్టులో పెల్లెట్ల ఓడ మీద ఒక నావికుడు పోయాడు, సరుకులో మునిగి కాదు, సరుకు నింపే హోల్డ్‌ని ఆనుకుని ఉన్న మెట్లదారిలో. మనవాళ్ళు జేబుకి హైడ్రోజన్ సల్ఫైడ్ మీటర్ తగిలించుకుని, అది మోగలేదు కాబట్టి సేఫ్ అనుకుంటారు, ఏళ్ళ తరబడి అలవాటు. కార్బన్ మోనాక్సైడ్‌కి అది మోగదు. సైలోకే కాదు, దాని పక్క గదికీ, కన్వేయర్ టన్నెల్‌కీ ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ రెండూ చూడకుండా లోపలికి దిగే పర్మిట్ మీద సంతకం పెట్టావో, నాతో మాట్లాడకు. షిఫ్ట్ ఆగిపోతే ఆగనీ, నువ్వు చిన్నదానివని తొందరపెడతారు, పెట్టనీ.

తడి చెక్క చిప్స్ గుట్ట పోస్తే లోపల దానంతటదే వేడెక్కుతుంది, ఎత్తు పెంచకు, పాతది ముందు వాడు, ట్యాంకులకి దూరంగా, గాలి వాటం చూసి పెట్టు. 2012లో ఇంగ్లండ్ టిల్బరీలో పెల్లెట్ల స్టోరేజీ ఎలా కాలిందో చదువు. సైలోలో వేడి కనపడితే నీళ్ళు కొట్టనివ్వకు, పెల్లెట్లు ఉబ్బి బిగుసుకుపోతాయి. రిఫైనరీలో మంటకి ఊపిరాడకుండా చేసే నైట్రోజన్‌కి కరువా, అడుగునుంచి లైన్ ఇప్పుడే డ్రాయింగ్‌లో వేయించు, తర్వాత బడ్జెట్ లేదంటారు.

పోయిన ఏడాది ఫ్యూయల్ గ్యాస్ బ్యాలెన్స్ షీట్లు నాకు పంపించు, గంటవారీవి. బాయిలర్ వాళ్ళు లేవంటే ప్లానింగ్‌లో అడుగు, ఉంటాయి.

మీ మావయ్య