ఎర్రనివన్నీ ముసలివి కావు

చిరంజీవికి,

ఆశీస్సులు. గెలాక్సీల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే "గుచ్ఛాల నడుమ ఉన్న గెలాక్సీలు ఎర్రగా ఉంటాయి కాబట్టి అవి ముందుగా పుట్టినవి" అన్న నీ తర్కం నన్ను ఊరుకోనివ్వలేదు. (గుచ్ఛమంటే ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ కలిసుండే గెలాక్సీల గుంపు.)

గెలాక్సీలు ఒత్తుగా ఉన్నచోట సర్పిలాకారపువి తగ్గి, దీర్ఘవృత్తాకార, కటకాకార గెలాక్సీలు పెరుగుతాయని 1980లో ఖగోళ శాస్త్రజ్ఞుడు అలన్ డ్రెస్లర్ 55 గుచ్ఛాలను పరిశీలించి చూపించిన మాట నిజమే. అది కనిపించిన సంగతి మాత్రమే, దాని కారణం కాదు. ముసలి నక్షత్రాల వెలుగు ఎర్రగా ఉంటుంది గానీ, నక్షత్రాలలో బరువైన మూలకాలు ఎక్కువైనా, దారిలో ధూళి అడ్డుపడినా వెలుగు ఎర్రబడుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు రంగుతో సరిపెట్టుకోకుండా, వర్ణపటంలో, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో, హైడ్రోజన్ శోషణ రేఖల (వెలుగును హైడ్రోజన్ పీల్చుకున్న చోట పడే నల్ల గీతల) బలాన్నీ, 4000 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు పడిపోయే తీరునూ, ఇనుము, మెగ్నీషియం రేఖలతో కలిపి కొలుస్తారు. అలా తేలేది కూడా గెలాక్సీ పుట్టినరోజు కాదు. దాని నక్షత్రాల సగటు వయసు, అదీ ఎక్కువ వెలుగిచ్చే పడుచు నక్షత్రాల వైపు మొగ్గిన సగటు.

ఎలా తెలిసిందో చెప్పని విజ్ఞాన వ్యాసం నా దృష్టిలో పుకారుతో సమానం. నా తొలినాళ్లలో ఒక ఆదివారం అనుబంధానికి ఇలాంటి వ్యాసమే రాస్తే, వర్ణపటం గురించిన పేరాను సంపాదకుడు నన్ను అడగకుండా కొట్టేసి, ఆ జాగాలో రంగుల బొమ్మ వేయించాడు. పాఠకులకు ఇవన్నీ పట్టవన్నాడు. వారం తిరక్కుండానే ఎవరో బడిపంతులు, ఆ వయసును ఎవరు, ఎలా లెక్కకట్టారో చెప్పమని కార్డు రాశాడు. ఇప్పటి పత్రికలు మరో అడుగు ముందుకేసి గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక ఆగితే చాలు, శీర్షికలోనే దాన్ని హత్య చేయిస్తున్నాయి, నువ్వూ ఆ వరసలోనే "హంతక గుచ్ఛం" అన్నావు. హత్య అన్నాక అది ఎలా జరిగిందో చెప్పాలి కదా?

కన్యా గుచ్ఛంలోని ఎన్‌జీసీ 4522 అనే గెలాక్సీనే తీసుకో. గుచ్ఛంలో గెలాక్సీల మధ్య కోట్ల డిగ్రీల వేడి వాయువు పరుచుకుని ఉంటుంది. అందులో సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోయే గెలాక్సీకి ఎదురయ్యే ఒత్తిడి, ఆ వాయువు సాంద్రతతోనూ వేగం వర్గంతోనూ పెరుగుతుందని గన్, గాట్ అనే శాస్త్రజ్ఞులు 1972లోనే రాశారు. ఎన్‌జీసీ 4522లో నక్షత్రాల పళ్లెం చెక్కుచెదరలేదు, వాయువు మాత్రం అంచుల నుంచి ఊడిపోయింది. పొరుగు గెలాక్సీ ఆకర్షణే లాగి ఉంటే నక్షత్రాలూ చెదరాలి. ఆ అంచులలో నక్షత్రాల పుట్టుక ఆగి 10 కోట్ల సంవత్సరాలకు మించలేదని వర్ణపటం చెబుతోంది; మరి ఇందులో ముందు పుట్టడం ఎక్కడుంది? ఏబెల్ 85 గుచ్ఛంలోని జేఓ201 అనే గెలాక్సీ సంగతి ఇంకా చిత్రం: ఊడిన వాయువు తోకలోనే కొత్త నక్షత్రాలు పుడుతున్నట్టు మన దేశపు అంతరిక్ష వేధశాల ఆస్ట్రోశాట్ తీసిన అతినీలలోహిత చిత్రాలలో కనిపించింది. నీ హంతకుడు అక్కడ పురుడు పోస్తున్నాడు!

నక్షత్రాల పుట్టుక ఆగే మరో దారి నిదానమైనది. ఎగువ కాలువ మూసేసినా చెరువు కింద కొన్నాళ్లు పంట పండినట్టు, బయటి నుంచి వాయువు రావడం ఆగినా, ఉన్నది అయిపోయేదాకా నక్షత్రాలు పుడుతూనే ఉంటాయి. తాజా వాయువు కలవదు గనుక బరువైన మూలకాల పాలు పెరుగుతుంది. ఆ పెరుగుదలను పట్టుకునే పెంగ్, మయోలినో, కాక్రన్ అనే శాస్త్రజ్ఞులు 2015లో, సూర్యుడికి పదివేల కోట్ల రెట్లకన్నా తక్కువ ద్రవ్యరాశి గల గెలాక్సీలలో ఇదే ప్రధాన మార్గమనీ, దీనికి సుమారు 400 కోట్ల సంవత్సరాలు పడుతుందనీ లెక్కకట్టారు.

కలం పేరు, ప్రచురణకర్తల గురించి నువ్వడిగిన ప్రశ్నలను ప్రస్తుతానికి పక్కనుంచు. అంతకన్నా అవసరమైన ద్రవ్యరాశి ప్రస్తావన నీ వ్యాసంలో లేనేలేదు. భారీ గెలాక్సీలు ఏకాంతంలో ఉన్నా వాటి నక్షత్రాలు చాలావరకు పాతవే, పైగా అలాంటివి గుచ్ఛాల నడుమ ఎక్కువగా ఉంటాయి. సమానమైన ద్రవ్యరాశి గలవాటిని పోల్చి చూసినప్పుడే పరిసరాల పాత్ర ఎంతో తేలుతుంది. తిరగరాసేటప్పుడు ఆ పోలికతోనే మొదలుపెట్టు.

నీ శ్రేయోభిలాషి