పంచిన భరిణెలు, రాని ఆర్డర్లు

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక. మావారు లేత్ (కర్రను గుండ్రంగా తిప్పే యంత్రం) మీద లక్క బొమ్మలు చేస్తారు, అమ్మకాలు నేను చూసుకుంటాను. నిరుడు విశాఖపట్నంలో జరిగిన ఒక ఎగ్జిబిషన్‌లో మా పనితనం పదిమందికీ తెలియాలని 150 చిన్న కుంకుమ భరిణెలను మా ఫోన్ నంబరుతో సహా ఉచితంగా పంచాము. తీసుకున్నవారందరూ మెచ్చుకున్నారు గాని, తరువాత ఆర్డరు ఇచ్చినవారు ఇద్దరే. సంక్రాంతి ముందు మళ్లీ ఒక ఎగ్జిబిషన్ ఉంది. శాంపిళ్లు ఇవ్వడం మానుకోవాలా, ఇచ్చే తీరు మార్చుకోవాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: శాంపిళ్లు మానుకోవద్దమ్మా, కానీ వచ్చిపోయేవారికి భరిణెలు పంచడం మాత్రం ఆపేయండి. ఆవకాయ పచ్చడి రుచి చూపిస్తే ఆ రుచి నాలుక మీద ఉండగానే అయిపోతుంది కాబట్టి మనిషి సీసా కొనుక్కుంటాడు. లక్క భరిణె అలా అయిపోయే వస్తువు కాదు. ఒక ఇల్లాలికి పూజగదిలో కావలసింది ఒక్క భరిణె, అది మీరే ఇచ్చేశారు, మీ సరుకు గట్టిది కాబట్టి పదేళ్లదాకా ఆమెకు ఇంకొకటి అక్కర లేదు. ఆమె మీ సరుకు నచ్చక రాకపోలేదు, అవసరం తీరిపోయి రాలేదు. ఒక్కొక్కటి 40 రూపాయలు అనుకున్నా మీరు పంచింది 6,000 రూపాయల సరుకు.

అదే భరిణె వందల లెక్కన కొనేవారి చేతిలో పడితే కథ వేరు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, సీమంతాలకు రిటర్న్ గిఫ్టులు సమకూర్చే ఈవెంట్ల వారికి, పెళ్లి సామాను అమ్మే దుకాణాల వారికి పది పన్నెండు శాంపిళ్లు ఇస్తే చాలు. ఊరికే చేతిలో పెట్టి రాకుండా, 100కు ఎంత ధర, 300కు ఎంత ధర, ఎన్ని రోజుల్లో అందించగలరు అన్నవి రాసిన కాగితం జత చేసి, నిజమైన ఆర్డరులో ఎలా ప్యాక్ చేస్తారో అలాగే ప్యాక్ చేసి ఇవ్వండి. వారం తరువాత మీరే ఫోన్ చేయండి.

శాంపిల్‌గా మీవారు చేసిన వాటిలో అన్నిటికన్నా అందమైనదాన్ని ఏరి పంపవద్దని గట్టిగా చెబుతున్నాను. పంపవలసింది మీరు 300 సార్లు అలాగే చేయగలిగినదాన్ని. అంకుడు కర్ర సరిగా ఆరకముందే భరిణె చేస్తే, చేసిన రోజు మూత చక్కగా కూర్చుంటుంది గాని, కర్ర ఆరేకొద్దీ కొన్నిటికి బిగుసుకుపోతుంది, కొన్నిటికి వదులవుతుంది. కాబట్టి బాగా ఆరిన కర్రతో చేసి, పది పదిహేను రోజులు ఇంట్లో ఉంచి, మూత తీసి పెట్టి చూసుకున్నాకే పంపండి. పసుపు, జాఫ్రా, నీలిమందు వంటి సహజ రంగులు విడత విడతకూ కాస్త మారతాయని ముందే రాసి ఇవ్వండి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి శానిటైజరుతో తుడవకూడదని కూడా రాయండి. పంపిన ప్రతి శాంపిల్‌కూ సరిజోడు ఒకటి తేదీ వేసి ఇంట్లో దాచుకోండి. ఆర్డరు వచ్చినప్పుడు కొలతకైనా, రంగుకైనా, మాట తేడా వచ్చినప్పుడు చూపించడానికైనా అదే ఆధారం.

ఇక ఎగ్జిబిషన్‌లో పంచడానికి వేరే వస్తువు ఉండాలి. భరిణెలు చేయగా మిగిలిన కర్ర ముక్కలను చిటికెన వేలంత పుల్లలుగా తిప్పి, వాటి మీద మీ దగ్గరున్న రంగులన్నీ పట్టీలుగా వేసి, చివర చిల్లు పెట్టి, దారంతో చిన్న చీటీ కట్టండి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేక వస్తువని తెలిపే జీఐ గుర్తింపు) వచ్చింది కాబట్టి ఆ చీటీలో మీ పేరుతో పాటు ఊరి పేరు తప్పక ఉండాలి. ఆ పుల్ల ఎవరి అవసరాన్నీ తీర్చదు గాని, లక్క నునుపు ఎలా ఉంటుందో వేలికి చెబుతుంది. వీలైతే లేత్‌ను కూడా స్టాల్‌కు తీసుకువెళ్లండి. తిరుగుతున్న కర్రకు లక్క పుల్లను ఆనించగానే రాపిడి వేడికి అది కరిగి రంగు పరుచుకోవడం, మొగలి ఆకు పట్టగానే మెరుపు తేలడం కళ్లారా చూసినవారు బేరం తక్కువ ఆడతారని నా అనుభవం.

మరో జాగ్రత్త. హస్తకళల వ్యాపారం మొదలుపెట్టిన తొలి ఏడాదిలో నేను ఒక పట్టణంలోని దుకాణానికి 12 వస్తువులను శాంపిల్ అని నోటిమాటగా చెప్పి ఇచ్చి వచ్చాను. నెల తరువాత వెళితే అన్నీ అమ్ముడైపోయాయి, నాకు పైసా రాలేదు, ఆర్డరూ రాలేదు. అందుకే ప్రతి శాంపిల్ అడుగున ‘శాంపిల్, అమ్మకానికి కాదు’ అని రాసి, తీసుకున్నవారి చేత అందినట్టు సంతకం పెట్టించుకోండి. కొత్త డిజైన్లు నాలుగైదు చేసి ఉచితంగా పంపమని అడిగే సంస్థలకు మొహమాటపడకుండా శాంపిల్ ధర చెప్పండి, ఆర్డరు ఇస్తే బిల్లులో అంత తగ్గిస్తామనండి. నిజంగా కొనే ఉద్దేశం ఉన్నవారు ఆ మాటకు వెనుకాడరు.

బొంగరాలు, గిలకల వంటి పిల్లల బొమ్మలను ప్లేస్కూళ్లకు శాంపిళ్లుగా ఇస్తే, మీవారి పహచాన్ కార్డు (హస్తకళాకారులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) నకలు జత చేయండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయినా, కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తామే చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ఆ సంగతి తెలియక వెనక్కి తగ్గేవారు ఉంటారు. మీకు జీఎస్టీ నమోదు ఉంటే, ఉచితంగా ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (ముడిసరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకోకూడదని మీ లెక్కలు రాసేవారికి గుర్తుచేయండి.

ప్రశ్న: ఇంట్లో చేతితో సబ్బులు చేస్తున్నాను. లైసెన్సు ఇంకా రాలేదు. ఈలోగా అమ్మకుండా శాంపిళ్లు పంచవచ్చా?
— మరో పాఠకురాలు

జవాబు: పంచకండి. స్నానపు సబ్బు సౌందర్య సాధనం కిందికి వస్తుంది. చట్టం అమ్మకానికి చేయడాన్నే కాదు, పంపిణీకి చేయడాన్ని కూడా లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. లైసెన్సు వచ్చాక మాత్రం శాంపిల్ మీకు మంచి సాధనం, ఎందుకంటే సబ్బు అరిగిపోయే వస్తువు. నాలుగైదు స్నానాలకు సరిపడే చిన్న ముక్కలను పూర్తిగా ఆరిన తరువాతే కోసి, వాడిన నూనెల పేర్లు, తయారైన తేదీ ప్రతి ముక్క మీదా ఉండేలా చుట్టి ఇవ్వండి.