‘నిదానంగా చెప్పు నాన్నా’ అన్నా గుచ్చుకుంటుంది

మాటలు మనిషిని కుంగదీస్తాయి, నిలబెడతాయి అంటారు కదా, మీకెప్పుడైనా అనుభవమైందా అని అడిగారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నత్తి. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నా.

ఏడిపించే మాటల సంగతి తొందరగా చెప్పేస్తాను, అవి అందరూ ఊహించేవే. గుంటూరులో నేను చదివిన స్కూల్లో ఒక మాస్టారు హాజరు పిలుస్తూ నా దగ్గరికొచ్చేసరికి "బండి స్టార్టయిందా?" అనేవారు. క్లాసంతా గొల్లున నవ్వేది. ‘ప్రెజెంట్’లో మొదటి అక్షరం దగ్గరే నా గొంతు పట్టేసేది మరి.

అలాంటివి కొన్ని పడ్డాక మాటల్ని తప్పించుకు తిరగడం అలవాటవుతుంది. మా ఇల్లు బ్రాడీపేటలో. ఆటోవాడికి ఆ పేరు చెప్పలేక "శంకర్ విలాస్" అనేవాణ్ణి, అక్కడ దిగి ఇంటికి నడిచేవాణ్ణి. పెసరట్టు తిందామని హోటలుకెళ్లి ఇడ్లీ తిని వచ్చిన రోజులు బోలెడు. సొంత పేరూ, అంకెలూ మాత్రం మార్చి చెప్పడానికి కుదరదు. అక్కడే దొరికిపోతాం.

మా నాయనమ్మయితే నన్నేమీ అనేది కాదు, అమ్మని అనేది. "పురిట్లో సరిగ్గా వస పోసుంటే వీడికి మాట తిరిగేది" అని, అదీ చుట్టాల ముందు. నత్తికి మూలం చాలావరకు మెదడు మాటను నడిపించే తీరులో ఉంటుందనీ, వంశపారంపర్యంగా రావచ్చనీ, వసకీ పెంపకానికీ సంబంధం లేదనీ మాకు తెలిసేసరికి నాయనమ్మ లేదు. అమ్మకి ఆ మాట ఇప్పటికీ గుర్తే.

1939లో అమెరికాలోని అయోవాలో అనాథాశ్రమంలో ఉన్న 22 మంది పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. చేయించిన ప్రొఫెసర్ వెండెల్ జాన్సన్‌కే నత్తి. చక్కగా మాట్లాడే పిల్లల్లో కొందరికి "నీ మాట బాగాలేదు, తప్పు లేకుండా మాట్లాడగలిగితేనే నోరు తెరువు" అన్న ధోరణిలో పదేపదే చెప్పారు. వాళ్లకి నిజంగా నత్తి వచ్చిందని రుజువు కాలేదుగానీ, బెరుకు పట్టుకుని మాట్లాడడమే తగ్గించేశారు. ఆ ప్రొఫెసర్ పనిచేసిన అయోవా యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది 2001లో! మా మాస్టారికి ఇదంతా తెలియదనుకోండి, కానీ మా క్లాసులో జరిగింది కూడా దాదాపు అదే.

ఇక ప్రేమగా అనే మాటలు. నాన్న ఎప్పుడూ "నిదానంగా చెప్పు నాన్నా, కంగారు పడకు" అనేవారు. పాపం, ఆయనది ప్రేమే. కానీ ఆ మాట వినగానే ‘అయితే తేడాగా వినిపిస్తోందన్నమాట’ అని నాకు ఇంకా టెన్షన్ వచ్చేది. తర్వాత ఒక స్పీచ్ థెరపిస్ట్ ఆయనకే క్లాసు పీకారు: "అబ్బాయిని నిదానించమనకండి, మీరు నిదానంగా మాట్లాడండి. మాట అందించకండి, వాడి ముఖం చూస్తూ వినండి." ఆ రోజు నుంచి నాన్న అవస్థ చూడాలి! నేను ఆగిపోగానే ఆయన పెదాలు కదిలేవి, ఆపుకోలేక చేతిలో పేపరు మడతపెట్టేవారు, మళ్లీ విప్పేవారు. కానీ ఆగేవారు. పెళ్లిళ్లలో "నీకేంరా, కలెక్టరవుతావ్" అని భుజం తట్టినవాళ్లకన్నా ఆ మడతలు పడ్డ పేపరే నాకు ఎక్కువ మేలు చేసింది.

నన్ను నిలబెట్టింది ఏదంటే, మిర్చి యార్డులో మా షావుకారు అన్న మాట. డిగ్రీ అయ్యాక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరాను. మొదటిరోజే ఫోన్ నా ముందుకు తోసి, "రైతులు రేట్లడుగుతారు, చెప్పు" అన్నారు.

"నాకు నత్తండీ."

"వింటూనే ఉన్నాగా. వాళ్లకి కావాల్సింది రేటు. ఆగుతారులే, చెప్పు" అనేసి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించే చోటుకి వెళ్లిపోయారు.

ధైర్యం చెప్పలేదు, జాలిపడలేదు, నేను చెప్పగలనా లేదా అని ఆలోచించినట్టు కూడా లేదు. అప్పటిదాకా నాకు ఎవరూ మాట్లాడే పని అప్పగించలేదు. మీ ఇంట్లో గానీ, ఆఫీసులో గానీ నత్తి ఉన్నవాళ్లుంటే పొగడ్తలు పక్కనపెట్టి అలాంటి పని ఒకటి ఇచ్చి చూడండి.

ఇప్పుడు తేజ రకం మిర్చి రేటు గడగడా చెప్పేస్తాను. బాడిగ రకం పేరు దగ్గర మాత్రం ఇప్పటికీ బండి ఆగుతుంది. మొన్న ఒక రైతు కాసేపు చూసి, "అయ్యా, సిగ్నల్ అందట్లేదు, కొంచెం బయటికొచ్చి మాట్లాడు" అన్నాడు. సరేనని బయటికెళ్లి చెప్పాను. "ఆఁ, ఇప్పుడు బాగా వినపడుతోంది" అన్నాడు.