పన్ను చెప్పినంతే రాయి

తమ్మీ,

నాస్కల్ దగ్గర దొరికిన, డైనోసార్ల కాలంనాటి చిన్న జంతువు శిలాజ పన్ను మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పాలమూరులో ఉండి, ఇలాంటి విషయాన్ని తెలుగులో చెప్పాలని కూర్చున్నావు చూడు, అదే నాకు చాలా సంతోషం. అందుకే మొహమాటం పెట్టుకోకుండా చెప్తున్నాను.

మొదటి పేజీ బాగుంది. రెండో పేజీలో ఆ జంతువుకు బూడిద రంగు బొచ్చు, చీకట్లో మెరిసే కళ్లు, పొట్ట కింద నాలుగు పిల్లలు పెట్టావు. ఇవేవీ ఆ పన్ను చెప్పలేదు. తీసెయ్. పాఠకుడికి ఒక్కచోట అనుమానం వచ్చిందంటే, నువ్వు తర్వాత చెప్పే నిజాన్ని కూడా కథలాగే చదువుతాడు.

నీ దగ్గరున్న నిజమేమీ చిన్నది కాదు. ఇప్పటి వికారాబాద్ జిల్లాలోని నాస్కల్ దగ్గర, రెండు లావా పొరల నడుమ చిక్కుకున్న మట్టిపొరలో ఆ పళ్లు దొరికాయి. శిలాజ శాస్త్రవేత్తలు గుంటుపల్లి ప్రసాద్, అశోక్ సాహ్నీ 1988లో నేచర్ పత్రికలో వాటి సంగతి ప్రకటించారు. డైనోసార్ల చివరి కాలంలో మన దేశంలో క్షీరదాలు బతికాయని రుజువైంది అప్పుడే. ఆ పళ్ల జంతువుకు డెక్కనోలెస్టెస్ అని పేరు పెట్టారు. ఒక్కో పన్ను మిల్లీమీటర్లలో కొలవాల్సినంత చిన్నది. మట్టిని నానబెట్టి, సన్నటి జల్లెళ్లలో కడిగి, మిగిలిన నలుసులను మైక్రోస్కోప్ కింద పెట్టి ఏరితే తప్ప అలాంటివి కంటికి ఆనవు. ఈ పని గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకైతే అసలు కథంతా అక్కడే కనిపిస్తోంది.

పన్నే ఎందుకు మిగిలిందో కూడా చెప్పు. పంటి మీది ఎనామెల్‌లో దాదాపు 96 శాతం ఖనిజమే. ఒంట్లో అంతకన్నా గట్టిది లేదు. ఎముకలు చివికిపోయినా అది నిలుస్తుంది. డెక్కనోలెస్టెస్ పళ్ల మీది మొనలు వాడిగా ఉంటాయి, పురుగుల పైపెంకు చీల్చుకుని తినేదని వాటిని బట్టే అంటున్నారు. కానీ 'చెట్లెక్కేది' అన్న మాటను కూడా నువ్వు పంటికే అంటగట్టావు. అది చెప్పింది అక్కడే దొరికిన చీలమండ ఎముకలు. ఏ మాట ఏ ఎముక చెప్పిందో పాఠకుడికి ప్రతిసారీ తెలియాలి. దాని దగ్గరి చుట్టాలు ఎవరన్నది ఇంకా వాదనలోనే ఉంది, అలాగే రాయి.

పుస్తకాలు పక్కనపెట్టి ఒకసారి అంగడికి వెళ్లు. గొర్రె మూతి తెరిచి రెండు పళ్లదా, నాలుగు పళ్లదా అని చూసి వయసు చెప్పేవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! శిలాజాల మీద పనిచేసేవాళ్లు కూడా పళ్ల మొలక, అరుగుదల చూసే వయసు లెక్కగడతారు. తర్వాత మటన్ షాపులో మేక తలకాయ ఒకటి అడిగి తెచ్చుకో. శుభ్రం చేశాక కంటి గుంటలు చూడు, రెండు పక్కలకూ తిరిగి ఉంటాయి. దవడ పళ్లు నూరడానికి వీలుగా వెడల్పుగా ఉంటాయి. ఎండిన కుక్క పుర్రె ఎక్కడన్నా కనబడితే పక్కన పెట్టి చూడు. కళ్లు ముందుకు తిరిగి ఉంటాయి, దవడ పళ్లలో కొన్ని కత్తెర్లలా ఒకదాన్నొకటి రాసుకుంటాయి, చాలావాటికి నడినెత్తిన ఒక గట్టు ఉంటుంది. దవడను మూసే కండరం అతుక్కునేది అక్కడే. ఇవి చేత్తో తడిమి చూశాక రాసిన వాక్యం వేరేగా వస్తుంది.

డెక్కనోలెస్టెస్ పుర్రె మనకు లేదు. కాబట్టి పుర్రె గురించి చెప్పాలంటే ఇండోహ్యస్ అనే, ఎప్పుడో అంతరించిన జంతువు దగ్గరికి వెళ్లు. జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త రాళ్లు సేకరించి, కొన్ని పళ్లు, దవడ ముక్కల ఆధారంగా 1971లో దానికి ఆ పేరు పెట్టారు. పళ్లను బట్టి చిన్న గిట్టల జంతువు, అంతే. ఆయన పోయేనాటికి చాలా రాళ్లు పగలగొట్టకుండానే ఉన్నాయి. తర్వాత అవి హాన్స్ థెవిసెన్ అనే శిలాజ శాస్త్రవేత్త చేతికి వెళ్లాయి. అందులోంచి తీసిన ఒక పుర్రె పొరపాటున విరిగితే, చెవి ఎముక లోపలి గోడ మందంగా బయటపడింది. అప్పటిదాకా ఆ మందం తిమింగలాల్లో మాత్రమే చూశారు. పిల్లి కన్నా కాస్త పెద్దదైన ఆ గిట్టల జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో ప్రకటించారు. అది నీళ్లలో ఎక్కువసేపు గడిపేదని పంటిలోని ఆక్సిజన్ రకాల లెక్క కూడా సాక్ష్యం పలికింది. మన దేశపు శాస్త్రవేత్త ఒకాయన మోసుకొచ్చిన రాళ్లు ఇవి. ఈ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? తలుచుకుంటే నాకు బాధేస్తుంది. నువ్వు రాయాలి.

ఇంకొకటి. మా నల్లగొండ గుట్టల్లోనూ ఇలాంటివి ఉండొచ్చని చివర్లో ఆశ పెట్టావు. ఈ గుట్టలు గ్రానైట్. భూమి లోపల కరిగిన రాయి చల్లబడి గట్టిపడింది, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అందులో పళ్లూ పుర్రెలూ ఉండవు. ఆ పేరా కొట్టేసి, అక్కడ నాస్కల్ మట్టి కడిగిన పని రాయి. తిరగరాశాక నాకు పంపు, టెన్షన్ పడకు, పత్రికకు నేనే మాట్లాడతాను.

నీ
నల్లగొండ పెద్దన్న