42 ఏళ్లకు కొత్తగా అలర్జీ వస్తుందా? నాకు వచ్చింది

చిన్నప్పటి నుంచి తింటున్న రొయ్యలకే 42 ఏళ్ల వయసులో దద్దుర్లు వచ్చాయని, సిట్రిజిన్ వేసుకుంటే తగ్గాయని, ఇది ముదురుతుందా అని అడిగారు. నాకూ ఇలాగే మొదలైంది కాబట్టి రాస్తున్నాను.

మొదటిసారి నాకు చేతుల మీద నాలుగు దద్దుర్లు, అంతే. పట్టించుకోలేదు. ఆరు నెలల తర్వాత ఒకరోజు మోకాలి నొప్పికి ఐబూప్రొఫెన్ వేసుకుని, రొయ్యలు తిని, గంటకి పరుగుకు వెళ్లాను. ముందు అరచేతులు, అరికాళ్లు భరించలేని దురద. ఉంగరం వేలికి బిగుసుకుపోయి రాలేదు. ఇంటికొచ్చి నీళ్లు అడిగితే నా గొంతు ఎవరిదో గొంతులా వినిపించింది. కడుపులో మెలిపెట్టి వాంతి, ఆ వెంటనే కళ్లు తిరిగి పడిపోయాను. ఆసుపత్రికి చేరేసరికి పై బీపీ 70. తొడలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే ఊపిరి ఆడింది. ఇలా ఒళ్లంతటినీ ఒక్కసారిగా దెబ్బతీసే తీవ్రమైన అలర్జీనే అనాఫిలాక్సిస్ అంటారు.

తర్వాత అలర్జీ డాక్టరు చెప్పింది విన్నాక నా ఆలోచనే మారిపోయింది. రొయ్యలు ఒక్కటే అయితే దద్దుర్లతో పోయేదేమో, నొప్పి మాత్ర, పరుగు తోడవడంతో అంత దూరం వెళ్లిందన్నారు. మద్యం, జ్వరం, నిద్రలేమి కూడా ఇలాగే ఆజ్యం పోస్తాయట. అందుకే ఆ రోజు మీరు ఇంకేం మింగారో, ఏం చేశారో గుర్తు తెచ్చుకుని రాసిపెట్టుకోండి.

పెద్దవాళ్లలో తిండి ఒక్కటే కారణం కాదు. యాంటీబయాటిక్స్ (ముఖ్యంగా పెన్సిలిన్ రకాలు), నొప్పి మాత్రలు, తేనెటీగ, కందిరీగ కాట్లు కూడా పెద్ద కారణాలే. ఎంత వెతికినా కారణం దొరకనివాళ్లూ ఉన్నారు.

ఇక తీవ్రత సంగతి. పోయినసారి తేలిగ్గా పోయింది కాబట్టి ఈసారీ అంతేలే అనుకోవద్దు, దయచేసి. నేను చేసిన తప్పు అదే. ఆస్తమా అదుపులో లేనివాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. బీపీకి బీటా బ్లాకర్లు అనే రకం మందులు వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, వాటివల్ల అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. ఒక్కోసారి దద్దుర్లు అసలు రాకుండానే బీపీ పడిపోతుంది.

సిట్రిజిన్ దురదను తగ్గిస్తుందే గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోతున్న బీపీని లేపదు. గొంతు మారినా, ఆయాసం, పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగినా అడ్రినలిన్ కావాలి, అదీ తొడ బయటివైపు కండలోకి, ఆలస్యం లేకుండా. అంబులెన్స్ వచ్చేలోపు వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోవాలి. ఆయాసంగా ఉంటే కూర్చోవచ్చు గానీ లేచి నడవకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తగ్గాక కూడా కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు కాబట్టి నన్ను ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచారు.

అలర్జీ డాక్టరుకు చూపించుకుని పరీక్ష అయ్యేదాకా రొయ్యలు, పీతలు ముట్టుకోకండి. అడ్రినలిన్ పెన్ (మనమే తొడకు పొడుచుకునే రెడీమేడ్ ఇంజెక్షన్) దగ్గర పెట్టుకోవాలా అని కూడా ఆయన్నే అడగండి. నా పెన్ ఎక్కడుందో, ఎలా వాడాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. పరుగుకు వెళ్లినా జేబులో ఉంటుంది.