ఏ టవర్‌కైనా అతికే మాటలు

తమ్ముడూ,

కోకాపేట టవర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. నీ వాక్యం చదివిస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మొదటి పేజీలోనే ఐకానిక్, సస్టైనబుల్, వరల్డ్ క్లాస్, బయోఫిలిక్ నాలుగూ దిగిపోయాయి. ఆ టవర్ పేరు తీసేసి నానక్‌రామ్‌గూడలో ఇంకో టవర్ పేరు పెట్టి చదివి చూశాను, ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని పడలేదు. నా గొడవంతా అదే. బ్రోషర్ రాసేవాడు ఫ్లాట్లు అమ్ముకోవాలి కాబట్టి వాడికి ఆ మాటలు కావాలి, నువ్వేం అమ్ముతున్నావు?

'100 శాతం వాస్తు' అనే బోర్డు చూసి నీలాంటివాళ్లు నవ్వుతారు. నవ్వకు. వాస్తును నమ్మినా నమ్మకపోయినా, వంటిల్లు ఆగ్నేయంలో ఉందో లేదో ఎవరైనా వెళ్లి చూసి చెప్పొచ్చు. బయోఫిలిక్, అంటే ప్రకృతిని ఇంట్లోకి తెచ్చేది, అయిందో లేదో ఎలా చూస్తావు? లాబీలో నాలుగు కుండీలు పెట్టినా అయిపోతుంది. ఏ పరీక్షలో భవనం ఫెయిలయ్యే వీలుందో, ఆ మాటతోనే దాన్ని కొలవాలి.

ఇప్పుడు 'గ్రీన్' తీసుకో. కొండాపూర్ వైపు పరిశ్రమల సంఘం సీఐఐ వాళ్ల గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది కదా, ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్ డిజైన్ చేసింది. 2003లో దానికి లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చింది, లీడ్ అంటే గ్రీన్ భవనాలకిచ్చే అమెరికా రేటింగ్, ప్లాటినం అందులో పైమెట్టు; అమెరికా బయట ఆ స్థాయి అందుకున్న మొదటి భవనం అది. అక్కడ గ్రీన్ అంటే వేలుపెట్టి చూపించగలిగే పనులు: మండువా ఇంట్లోలా నడిమధ్య ఆకాశానికి తెరిచిన చోటు, ఎండను వడకట్టే జాలీ గోడలు, లోపలికొచ్చే గాలిని ముందే చల్లబరిచే విండ్ టవర్లు, స్లాబ్ మీద పెంచిన మొక్కలు. తర్వాత ఆ చుట్టుపక్కల ఏం లేచాయో రోజూ చూస్తూనే ఉన్నావు, పడమటెండకు నిలువెత్తు అద్దం కట్టడం, ఆ వేడిని ఏసీలతో బయటికి తోలడం, గేటు దగ్గర మళ్లీ అదే మాట. రేటింగులన్నీ బూటకమని నేననను. కాకపోతే కొత్త భవనానికి లీడ్ ఇచ్చేటప్పుడు కరెంటు ఎంత ఖర్చవుతుందన్నది కంప్యూటర్ మోడల్ వేసిన అంచనా, జనం చేరాక మీటర్ చెప్పేది వేరే కథ. నువ్వు రాయాల్సింది మీటర్ కథ. ఫెసిలిటీ మేనేజర్‌ని పట్టుకుని బిల్లులు అడుగు. ఇవ్వకపోతే, అడిగితే ఇవ్వలేదని రాసెయ్.

'హెరిటేజ్' కూడా నీకు అలంకారంగానే పడింది, పాతగా కనిపించిన ప్రతి గోడకీ తగిలించావు. పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూల్చి అక్కడ అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అక్కడ పనిచేసింది హెరిటేజ్ కట్టడాలకు నిబంధనల్లో ఉన్న రక్షణ. ఎంత గొప్ప ప్యాలెస్సో అని మనలాంటివాళ్లం రాసిన పేరాలను నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో.

అవార్డుల్ని కూడా కొంచెం దూరం పెట్టు. ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద అవార్డు ప్రిట్జ్‌కర్ 2004లో, ఒంపులు తిరిగే భవనాలకు పేరుపడ్డ జహా హదీద్‌కి వచ్చింది. అదే అవార్డు 2021లో లకటాన్, వసాల్‌కి వచ్చింది, వీళ్లు ఫ్రాన్స్‌లోని బోర్డోలో 530 పాత ఫ్లాట్లను కూల్చకుండా, కాపురాలు ఖాళీ చేయించకుండా, ముందువైపు వెడల్పాటి బాల్కనీలు చేర్చి బాగుచేసినవాళ్లు. నాకైతే రెండోదే ఎక్కువ నచ్చింది. కానీ ఇప్పుడు 'అడాప్టివ్ రీయూజ్', అంటే పాత భవనాన్ని కూల్చకుండా కొత్త పనికి వాడుకోవడం, అనేది కూడా కెఫేల మెనూ కార్డుల దాకా వచ్చేసింది, అదీ జాగ్రత్త.

నీ టవర్ దగ్గరికి మళ్లీ వెళ్లు. మధ్యాహ్నం మూడింటికి పడమటి ఫ్లాట్‌లో కర్టెన్లు తీసి ఉన్నాయా, వాన పడితే సెల్లార్‌లో నీళ్లు ఎటు పోతాయి, పనమ్మాయిలకు లిఫ్ట్ వేరుగా పెట్టారా, సెక్యూరిటీ వాళ్లు అన్నం ఎక్కడ కూర్చుని తింటారు. ఇవి చూసొచ్చాక బాగుందనిపిస్తే బాగుందనే రాయి, అందంగా ఉందని ఒప్పుకోవడానికి మొహమాటపడకు.

రెండో డ్రాఫ్ట్ శనివారం లోపల పంపు, ఆ తర్వాత నేను ఊళ్లో ఉండను.

అన్నయ్య