పడవ స్ట్రింగర్ల మీది ఫైబర్ పొర ఊడిపోతోందా? సమాధానం

పాత పెయింటు మీదే పొర వేసినట్టున్నారు. కొత్త చెక్క స్ట్రింగర్ల (పడవ అడుగుకు పొడవునా బలాన్నిచ్చే దూలాలు) మీద కప్పిన ఫైబర్ నెలకే అట్టలా లేచిందని, దాని అడుగున పెయింటు అంటుకుని ఉందని మీరే రాశారు. రెజిన్ (ఫైబర్‌ను అంటించే జిగురు) పట్టుకున్నది పెయింటునే, హల్‌ను (పడవ ఒంటిని) కాదు.

1. హల్ కింద దాని వంపుకు సరిపడే దిమ్మలు పెట్టాకే స్ట్రింగర్లు విప్పండి. లేకపోతే అడుగు వంగి అలాగే ఉండిపోతుంది.

2. అందరూ తప్పేది ఇక్కడే. ముందు అసిటోన్‌తో తుడవాలి, తర్వాతే గ్రైండింగ్. వరస తిరగబడితే మైనం, జిడ్డు లోపలికి రుద్దుకుపోతాయి. 36 నంబర్ గరుకు గ్రైండింగ్ డిస్క్‌తో, స్ట్రింగర్‌కు అటూ ఇటూ 15 సెం.మీ. మేర, మెరుపంతా పోయి పోగులు కనిపించేదాకా రుద్దండి. మాస్క్ తప్పనిసరి, ఆ ఫైబర్ దుమ్ము దురద రెండు రోజులు వదలదు.

తేమ కూడా చూడండి. రాత్రి ప్లాస్టిక్ షీటు పరిచి అంచులకు టేపు వేయండి. పొద్దున చుక్కలు పడితే ఇంకా ఆరలేదు. హైదరాబాద్‌లో జులై ముసురులో నేనైతే ఈ పని మొదలుపెట్టను.

3. చెక్క స్ట్రింగర్ హల్‌కు నేరుగా ఆనకూడదు. రెజిన్ పుట్టీ మీద కూర్చోబెట్టి, మూలలు గుండ్రంగా నింపండి.

4. మీ రెజిన్ ఎపాక్సీ రకం అయితే మామూలు చాప్డ్ మ్యాట్ (గ్లాస్ పోగుల ముక్కలు అతికించిన షీటు) వద్దు, నేసిన గ్లాస్ క్లాత్ తీసుకోండి.